క్యూ షీట్ పక్కనే ఉన్న ఫైల్‌ను ప్లేయర్ ఎందుకు చూడలేకపోతోంది?

గంటస్తంభం_వీధి
మా పెదనాన్నగారు విజయనగరం చుట్టుపక్కల ఆలయాల్లో జరిగిన హరికథలనూ నాదస్వర కచేరీలనూ ఏళ్ళ తరబడి క్యాసెట్లలో రికార్డు చేసి దాచారు. వాటిని ఒక్కో వైపును ఒక్కో ఫైల్‌గా కంప్యూటర్‌లోకి ఎక్కించి, హోరు తగ్గించి, నాణ్యత పోకుండా సైజు తగ్గించే ఫ్లాక్ ఫార్మాట్‌లోకి మార్చాను. ఏ కీర్తన ఎక్కడ మొదలవుతుందో క్యూ షీట్లలో (ట్రాకుల పేర్లూ అవి మొదలయ్యే సమయాలూ రాసే చిన్న టెక్స్ట్ ఫైళ్ళలో) గుర్తులు పెట్టాను. నా విండోస్ కంప్యూటర్‌లో అన్నీ చక్కగా వినిపిస్తున్నాయి. అదే ఫోల్డర్‌ను హార్డ్‌డిస్క్‌లో శ్రీకాకుళంలోని మా మావయ్యగారికి పంపితే, అక్కడి లైనక్స్ కంప్యూటర్‌లో ప్లేయర్ కీర్తనల పేర్లన్నీ వరుసగా చూపిస్తూనే, దేని మీద నొక్కినా ఫైల్ దొరకలేదని చెబుతోంది. ఫ్లాక్ ఫైలూ క్యూ ఫైలూ ఒకే ఫోల్డర్‌లో పక్కపక్కనే ఉన్నాయి. ఎదురుగా ఉన్న ఫైల్‌ను వెతుక్కోలేని ప్లేయర్‌ను ఏమనాలి?

నాగావళి_తీరం
క్యూ ఫైల్‌ను టెక్స్ట్ ఎడిటర్‌లో తెరిచి, "ఫైల్" అనే ఆదేశంతో మొదలయ్యే వరుసను ఉన్నది ఉన్నట్టుగా ఇక్కడ పెట్టండి. అది చూడకుండా ప్లేయర్‌ను తప్పు పట్టలేము.

గంటస్తంభం_వీధి
ఇదిగోనండి.

ఫైల్ "డీ:\క్యాసెట్లు\హరికథ\గజేంద్రమోక్షం_ఎ.వేవ్" వేవ్

దీని కింద ట్రాక్ 01, దాని శీర్షిక, ఇండెక్స్ 01 దగ్గర 00:00:00, ఆ తరువాత మిగిలిన ట్రాకులు ఉన్నాయి.

బొబ్బిలి_తంత్రి
ఈ ఒక్క వరుసలో మూడు చిక్కులు ఉన్నాయి, మూడూ వేర్వేరువి.

మొదటిది డ్రైవ్ అక్షరం. "డీ:" అన్నది మీ కంప్యూటర్‌కు మాత్రమే అర్థమయ్యే చిరునామా. మరో విండోస్ కంప్యూటర్‌లో మీ హార్డ్‌డిస్క్ "ఈ:" గానో "ఎఫ్:" గానో కనిపించినా ఇదే గొడవ వస్తుంది, లైనక్స్‌లోనైతే డ్రైవ్ అక్షరాలే లేవు. రెండవది వెనుకకు వాలిన గీత. విండోస్ దానితో ఫోల్డర్‌లను విడదీస్తుంది, లైనక్స్‌లో మాత్రం అది ఫైల్ పేరులో ఉండదగిన మామూలు అక్షరం. అందుకని అక్కడి ప్లేయర్ ఈ మొత్తాన్ని, డ్రైవ్ అక్షరం నుంచి చివరి అక్షరం దాకా, ఒకే ఒక్క ఫైల్ పేరుగా చదివి, ఆ వింత పేరుగల ఫైల్ కోసం మీ ఫోల్డర్‌లో వెతుకుతోంది. కొన్ని ప్లేయర్లు ఆ గీతను ముందుకు వాలిన గీతగా మార్చి చూస్తాయి, కొన్ని చూడవు.

మూడవది అన్నిటికంటే ముఖ్యం. వరుసలో ఉన్నది ".వేవ్" ఫైల్, మీరు పంపింది ఫ్లాక్ ఫైల్. మరి మీ కంప్యూటర్‌లో ఎలా వినిపిస్తోంది? ఒకసారి డీ డ్రైవ్‌లో ఆ ఫోల్డర్ తెరిచి చూడండి.

గంటస్తంభం_వీధి
హోరు తగ్గించక ముందటి వేవ్ ఫైళ్ళు అన్నీ అక్కడే ఉన్నాయి. అంటే క్యూ తెరిచినప్పుడల్లా ప్లేయర్ నాకు వాటినే వినిపిస్తోందన్నమాట.

బొబ్బిలి_తంత్రి
అవును. పాత్, అంటే ఫైల్ ఉన్న చోటి చిరునామా, పూర్తిగా రాసిన క్యూ ఏ ఫోల్డర్‌లో ఉన్నా, తనలో రాసిన చోటికే పోతుంది. క్యూ షీట్ సీడీఆర్‌విన్ అనే సీడీ రాసే సాఫ్ట్‌వేర్‌తో వాడుకలోకి వచ్చింది. ఒకే కంప్యూటర్‌లో వేవ్ తయారు చేసి, అక్కడికక్కడే డిస్క్ మీదికి ఎక్కించే పనికి పూర్తి పాత్ ఉన్నా నష్టం లేదు. ఇప్పుడు మనం అదే షీట్‌ను భద్రపరిచే పనికి, ఊరి నుంచి ఊరికి పంపే పనికి వాడుతున్నాము, బాధ అక్కడే మొదలైంది.

నాగావళి_తీరం
మందు చిన్నదే. ఎడిటర్‌లో వెతికి మార్చే సదుపాయంతో "డీ:\క్యాసెట్లు\హరికథ\" అన్న భాగాన్ని తీసేసి, ".వేవ్" ఉన్న చోట ".ఫ్లాక్" పెట్టండి. కొటేషన్ గుర్తులను కదపకండి, పేరు మధ్యలో ఖాళీ ఉంటే అవే కాపాడతాయి. వరుస చివర విడిగా ఉన్న "వేవ్" అన్న మాటను కూడా అలాగే ఉంచండి. అది పేరు చివర చుక్క తరువాత వచ్చే ఎక్స్‌టెన్షన్ కాదు, ఫైల్ రకం. ఆ చోట రాయడానికి మొదటి నుంచీ ఉన్నవి వేవ్, ఏఐఎఫ్ఎఫ్, ఎంపీ3, బైనరీ, మోటరోలా మాత్రమే. ఫ్లాక్‌కు విడిగా పేరు లేదు కనుక అందరూ వేవ్ అనే రాస్తారు.

టెక్కలి_శ్రోత
మందు సరే, కానీ అసలు ఈ పని మనిషి చేయవలసి రావడమే నాకు నచ్చడం లేదు. రాసిన చోట ఫైల్ లేకపోతే, చివరి పేరు ఒక్కటి తీసుకుని క్యూ ఉన్న ఫోల్డర్‌లో వెతకడం, అక్కడా లేకపోతే అదే పేరుతో ఫ్లాక్ గానీ ఎంపీ3 గానీ ఉందేమో చూడడం ప్లేయర్‌కు క్షణం పని. మా నాన్నగారు రోజూ ఉదయం పాత నాటక పద్యాలు వింటారు. ఆయనను టెక్స్ట్ ఎడిటర్ తెరవమనడం ఏం న్యాయం?

వంశధార_588
క్యూ షీట్లు చదివే చిన్న ప్రోగ్రాములు రాసేవాడిగా నేను దీనికి ఒప్పుకోలేను. గంటస్తంభం గారి ఫోల్డర్ సంగతే చూడండి. పేరు ఒకటే, ఒకటి హోరుతో ఉన్న వేవ్, మరొకటి శుభ్రం చేసిన ఫ్లాక్. రెండూ ఒకే చోట ఉంటే, ఎక్స్‌టెన్షన్‌ను ఊహించే ప్లేయర్ ఏది తీసుకోవాలి? ఏది తీసుకున్నా మాట్లాడకుండా తీసుకుంటుంది, వినేవారికి తేడా తెలియదు. ట్రాక్ గుర్తులు శుభ్రం చేసిన ఫైల్ ఆధారంగా పెట్టి ఉండి, దాని మొదట్లో కొంత నిశ్శబ్దాన్ని కోసేసి ఉంటే, ప్రతి కీర్తనా అంత మేర పక్కకు జరిగి మొదలవుతుంది. ఫైల్ దొరకలేదని చెప్పే ప్లేయర్ నయం, దొరికిందని చెప్పి మరొకటి వినిపించే ప్లేయర్ కంటే.

టెక్కలి_శ్రోత
ఊహించి, "రాసిన ఫైల్ లేదు, ఫలానా ఫైల్‌ను వినిపిస్తున్నాను" అని ఒక వరుసలో చెబితే మీ అభ్యంతరం తీరుతుంది కదా. మౌనంగా ఊహించమని నేను అనలేదు.

వంశధార_588
చెప్పి చేస్తే నాకు అభ్యంతరం లేదు. ఒకే పేరుతో రెండు ఫైళ్ళు దొరికితే మాత్రం అక్కడ ఆగి అడగాలి.

బొబ్బిలి_తంత్రి
ఊహ విషయం ఎలా ఉన్నా, ప్లేయర్ తప్పకుండా పాటించవలసిన నియమం మరొకటి ఉంది. పాత్‌ను క్యూ ఫైల్ ఉన్న ఫోల్డర్ నుంచి లెక్కించాలి, ప్రోగ్రాం మొదలైన ఫోల్డర్ నుంచి కాదు. నేను వాడిన ఒక చిన్న ప్లేయర్‌ను డెస్క్‌టాప్ నుంచి తెరిస్తే మా గురువుగారి వీణ పాఠాలు వినిపించేవి కావు, టెర్మినల్‌లో ఆ ఫోల్డర్‌లోకి వెళ్ళి తెరిస్తే వినిపించేవి. క్యూలో ఒక్క అక్షరం మార్చలేదు. ప్రోగ్రాం తాను నిలబడిన చోటి నుంచి వెతుకుతోందని తెలుసుకునే దాకా ఫైళ్ళే పాడయ్యాయేమోనని కలవరపడ్డాను.

పొందూరు_నూలు
తెలుగు పేర్లతో నాకు వచ్చిన కష్టం వేరు. పాత రికార్డింగ్ సాఫ్ట్‌వేర్ ఒకటి తయారు చేసిన క్యూలో శీర్షికలూ ఫైల్ పేరూ మొత్తం ప్రశ్నార్థకాలుగా వచ్చాయి. ఫైల్ "?????? ????.వేవ్" అని ఉంటే ఏ ప్లేయర్‌కైనా ఏం దొరుకుతుంది? ఆ అక్షరాలను తిరిగి రాబట్టే దారి ఉందా?

నాగావళి_తీరం
లేదండి. విండోస్‌లో రష్యన్‌కూ అరబిక్‌కూ ఉన్నట్టుగా తెలుగుకు పాత పద్ధతి ఆన్సీ కోడ్ పేజీ (ఒక్కో లిపికి వేరుగా ఉండే అక్షర సంకేతాల పట్టిక) ఏనాడూ లేదు, విండోస్‌లో మన భాష అన్ని లిపులకూ ఒకే పట్టిక అయిన యూనికోడ్‌తోనే వచ్చింది. యూనికోడ్ తెలియని సాఫ్ట్‌వేర్ తెలుగు అక్షరాన్ని ఆన్సీగా రాయబోతే దానికి సరిపోయే గుర్తు లేక ప్రశ్నార్థకం పెట్టేస్తుంది. రష్యన్ క్యూ గజిబిజిగా కనిపిస్తే సరైన కోడ్ పేజీ ఎంచుకుని బాగు చేయవచ్చు, మన క్యూలో మాత్రం అసలు అక్షరమే పోయింది. పైగా విండోస్ ఫైల్ పేరులో ప్రశ్నార్థకాన్ని ఒప్పుకోదు కాబట్టి, ఆ వరుస చెప్పే ఫైల్ అక్కడ ఉండే అవకాశమే లేదు. పేర్లు మళ్ళీ టైపు చేసి, యూనికోడ్‌ను బైట్లుగా రాసే యూటీఎఫ్-8 పద్ధతిలో భద్రపరచండి.

వంశధార_588
భద్రపరిచేటప్పుడు ఒక జాగ్రత్త. విండోస్ నోట్‌ప్యాడ్ 2019 నాటి విండోస్ 10 మార్పు తరువాత మామూలుగా యూటీఎఫ్-8లోనే రాస్తోంది, అంతకు ముందటిది మామూలుగా ఆన్సీలో రాసేది. ఆ పాతదానిలో యూటీఎఫ్-8 ఎంచుకుంటే ఫైల్ మొదట కంటికి కనిపించని మూడు బైట్ల గుర్తు చేరుతుంది, దానిని బామ్ అంటారు. కొన్ని ప్లేయర్లు ఆ గుర్తును చూసే యూటీఎఫ్-8 అని గ్రహిస్తాయి. మరికొన్ని ఆ మూడు బైట్లనూ మొదటి ఆదేశంలో భాగంగా చదువుతాయి. "ఫైల్" ఆదేశమే మొదటి వరుస అయితే, అసలు ఫైల్ వరుసే లేదని చెబుతాయి. రెండు రకాల ప్లేయర్లతోనూ పని పడేవారు మొదటి వరుసలో ఒక "రెమ్" వ్యాఖ్య పెడితే మంచిది. అర్థం కాని వరుసను చాలా ప్లేయర్లు దాటి ముందుకు పోతాయి కనుక, పోతే ఆ వ్యాఖ్య ఒక్కటే పోతుంది.

పార్వతీపురం_డప్పు
మా దగ్గర తప్పెటగుళ్ళ రికార్డింగులు ఉన్నాయి. ఒక ఫైల్ పేరు "పైడితల్లి జాతర.ఫ్లాక్". క్యూలోనూ అక్షరం పొల్లుపోకుండా అదే ఉంది, డ్రైవ్ అక్షరం లేదు, గీతలు లేవు, యూటీఎఫ్-8లోనే ఉంది. అయినా ఫైల్ లేదంటోంది. అదే ఫోల్డర్‌లో "జముకుల పాట.ఫ్లాక్" మాత్రం ఏ ఇబ్బందీ లేకుండా వినిపిస్తోంది. మీరు చెప్పిన కారణాలేవీ దీనికి సరిపోవడం లేదు.

నాగావళి_తీరం
డప్పు గారూ, ఆ ఫైళ్ళు ఏ కంప్యూటర్ నుంచి వచ్చాయి?

పార్వతీపురం_డప్పు
రికార్డు చేసిన మిత్రుడు పాత మ్యాక్ నుంచి జిప్ చేసి పంపాడు. క్యూ షీట్‌ను నేను విండోస్‌లో టైపు చేశాను.

నాగావళి_తీరం
అయితే దొరికింది. మీ పేరులో "పై" ఉంది. ఐత్వం గుర్తు "ై" యూనికోడ్‌లో రెండు విధాలుగా ఉండవచ్చు. ఒకటి, ఒకే సంకేతంగా. రెండు, ఎత్వం "ె", దాని కింద వచ్చే పొడవు గుర్తు "ౖ" కలిసి రెండు సంకేతాలుగా. తెర మీద రెండూ ఒకేలా కనిపిస్తాయి, ప్రమాణం ప్రకారం రెండూ సమానమే. కానీ బైట్లు వేరు. మ్యాక్‌లో ఫైళ్ళను డిస్క్‌లో అమర్చే పాత హెచ్ఎఫ్ఎస్ ప్లస్ పద్ధతి ఫైల్ పేర్లను విడగొట్టిన రూపంలోనే దాచుకుంటుంది. మీరు కీబోర్డుతో టైపు చేసింది కలిపిన రూపం. విండోస్ వాడే ఎన్‌టీఎఫ్ఎస్ గానీ లైనక్స్ గానీ ఈ రెంటినీ ఒకటిగా చూడవు, బైట్లు సరిపోకపోతే అది వేరే ఫైలే. తెలుగు గుర్తుల్లో ఇలా రెండుగా విడిపోయేది ఐత్వం ఒక్కటే, అందుకే "జముకుల పాట"కు ఏమీ కాలేదు.

లైనక్స్‌లో కన్వ్ఎమ్‌వీ అనే చిన్న సాధనం పేర్లన్నిటినీ కలిపిన రూపంలోకి మార్చగలదు. మామూలుగా అది ఏం మార్చబోతోందో చూపించి ఊరుకుంటుంది, నిజంగా మార్చమని విడిగా చెప్పాలి. ఒక్క ఫైలే అయితే పేరును చెరిపి మళ్ళీ టైపు చేసినా సరిపోతుంది.

పార్వతీపురం_డప్పు
పేరు చెరిపి మళ్ళీ టైపు చేశాను, వెంటనే వినిపించింది. విజయనగరం ఇలవేల్పు పేరుకే ఈ చిక్కు రావాలా! "వైశాఖం", "కైలాసం" అని ఇంకా కొన్ని ఉన్నాయి, వాటినీ చూస్తాను.

బొబ్బిలి_తంత్రి
ఐత్వం ఒక్కటే కాదు, పొల్లు తరువాత కొన్ని కీబోర్డులు చేర్చే కనిపించని విడదీత గుర్తు కూడా ఇదే పని చేస్తుంది. "క్యాసెట్‌లో" అన్న మాటలో "ట్"కూ "లో"కూ మధ్య అది ఉంటుంది. ఫైల్ పేరులో ఉండి క్యూలో లేకపోతే ఎంతసేపు చూసినా తేడా కనిపించదు. అనుమానం వస్తే ఫైల్ పేరును కాపీ చేసి నేరుగా క్యూలో అతికించండి, చేత్తో టైపు చేయకండి.

పొడవాటి పేర్ల విషయంలోనూ జాగ్రత్త పడాలి. లైనక్స్ వాడే ఈఎక్స్‌టీ4 డిస్క్ పద్ధతిలో ఒక ఫైల్ పేరు 255 బైట్లు దాటకూడదు. యూటీఎఫ్-8లో ఒక్కో తెలుగు సంకేతం మూడు బైట్లు తీసుకుంటుంది, గుణింతపు గుర్తులూ పొల్లూ విడివిడిగా లెక్కకు వస్తాయి కాబట్టి 85 సంకేతాలకే హద్దు వచ్చేస్తుంది. భాగవతారు పేరు, కథ పేరు, ఆలయం, తేదీ అన్నీ ఫైల్ పేరులోనే పెట్టేవారికి ఇది ఎదురవుతుంది. ఆ వివరాలు ఉండవలసిన చోటు శీర్షిక వరుసలు.

ఆమదాలవలస_జంక్షన్
ఫోన్ మాటేమిటి? ఫైల్ మేనేజర్‌లో క్యూ మీద నొక్కి ప్లేయర్‌తో తెరిస్తే పేర్లు కూడా రావడం లేదు. ప్లేయర్ లోపలి నుంచి ఫోల్డర్‌ను ఎంచుకుంటే మాత్రం అన్నీ వస్తున్నాయి.

వంశధార_588
కొత్త ఆండ్రాయిడ్‌లలో ఫైల్ మేనేజర్ ప్లేయర్‌కు ఆ ఒక్క క్యూ ఫైల్‌ను చదివే అనుమతి మాత్రమే ఇస్తుంది. అది ఏ ఫోల్డర్‌లో ఉందో, పక్కన ఏముందో ప్లేయర్‌కు తెలియదు, కనుక "క్యూ పక్కన" అన్న మాటకే అక్కడ అర్థం లేదు. మొత్తం ఫోల్డర్‌కు అనుమతి ఇస్తేనే పాత్ లెక్కించగలదు. మీరు రెండవసారి చేసింది అదే.

రాక్‌బాక్స్ అనే సాఫ్ట్‌వేర్ పెట్టిన చేతి ప్లేయర్లలో దారి తిరగబడుతుంది. అది ముందు పాటను తెరిచి, అదే పేరుతో క్యూ ఉందేమో చూస్తుంది. అందుకని పాటకూ క్యూకూ ఒకే పేరు పెట్టుకోవడం ఎక్కడైనా మేలు చేస్తుంది.

చీపురుపల్లి_గళం
ఇంత తంటాలు దేనికండి? కీర్తనకొక ఫైల్‌గా కోసేస్తే క్యూ అవసరమే ఉండదు.

గంటస్తంభం_వీధి
గళం గారూ, కచేరీ అయితే మీ మాట కొంత ఒప్పుకుంటాను, హరికథకు ఒప్పుకోలేను. భాగవతారు వచనం చెబుతూ చెబుతూ గొంతు పెంచి పద్యంలోకి వెళ్ళి, పద్యం చివరి అక్షరం మీదనే కీర్తన ఎత్తుకుంటారు. ఎక్కడ కోసినా ఒక వైపు గాయం తప్పదు. ఆదిభట్ల నారాయణదాసుగారు తొలి ప్రిన్సిపాల్‌గా 1919లో సంగీత కళాశాల మొదలైన ఊరు మాది. ఈ ఊళ్ళో పట్టిన హరికథను ముక్కలు చేసి దాచడానికి నాకు చేతులు రావు. ముక్కలు కావలసిన వారు క్యూ సాయంతో ఎప్పుడైనా కోసుకోవచ్చు, కోసిన వాటిని మళ్ళీ ఒకటి చేయడం మాత్రం అంత నమ్మకమైన పని కాదు.

టెక్కలి_శ్రోత
క్యూను ఫ్లాక్ లోపలే పెట్టేస్తే పాత్ గొడవ ఉండదు కదా?

బొబ్బిలి_తంత్రి
ఉండదు. ఫ్లాక్‌లో "క్యూషీట్" అనే ట్యాగ్‌గా మొత్తం పాఠాన్ని దాచవచ్చు, ఫూబార్2000 వంటి ప్లేయర్లు దానిని చదువుతాయి. అందులో ఫైల్ వరుస ఏమని ఉన్నా పట్టింపు లేదు, పాట తానే కాబట్టి. ఫ్లాక్‌కు సొంతంగా క్యూషీట్ అనే మరో విభాగం ఉంది, దానితో పొరబడకండి. అందులో ట్రాక్ స్థానాలు ఉంటాయి తప్ప కీర్తనల పేర్లు ఉండవు. ట్యాగ్‌ను చదవని ప్లేయర్లు ఇంకా ఉన్నాయి గనుక నేనైతే లోపల ఒకటి, పక్కన ఒకటి ఉంచుతాను. ఫోల్డర్ తెరిచినప్పుడు ఒకే పాట రెండుసార్లు కనిపించవచ్చు, ఆ ఇబ్బందికి నేను సిద్ధమే.

వంశధార_588
నియమాలు సడలించమనే వారికి ఒక మాట. క్యూ షీట్ ఎవరో రాసిన పాఠం, దానిని నమ్మి నడవకూడదు. 2023 అక్టోబరులో క్యూ షీట్లను చదవడానికి ఇతర ప్రోగ్రాములు వాడుకునే లిబ్‌క్యూ అనే లైబ్రరీలో లోపం బయటపడింది. క్యూలోని ఇండెక్స్ దగ్గర అతి పెద్ద సంఖ్య రాస్తే అది రుణసంఖ్యగా మారి, మెమరీలో రాయకూడని చోట రాసేది. లైనక్స్‌లోని గ్నోమ్ డెస్క్‌టాప్ డౌన్‌లోడ్‌ల ఫోల్డర్‌లోని ఫైళ్ళను తనంతట తానే చదివి సూచిక తయారు చేస్తుంది కనుక, అటువంటి క్యూ డౌన్‌లోడ్ అయితే చాలు, ఎవరూ ప్లేయర్ తెరవకుండానే ప్రమాదం ఉండేది.

టెక్కలి_శ్రోత
అది సంఖ్యల లోపం, పాత్ లోపం కాదు. పక్క ఫోల్డర్‌లో ఫైల్ వెతకడానికీ దానికీ సంబంధం ఏమిటి?

వంశధార_588
పాత్‌లోనూ అటువంటిదే ఉంది. ఫైల్ వరుసలో రెండు వెనుక గీతలతో ఏదో సర్వర్ పేరు రాసి ఉంటే, విండోస్‌లో ప్లేయర్ దానిని తెరవబోగానే మీ కంప్యూటర్ ఆ సర్వర్ తలుపు తట్టి, మీ లాగిన్‌తో ప్రవేశం అడుగుతుంది. అందుకే, పరాయి క్యూలోని పాత్ ఆ ఫోల్డర్ దాటి బయటికి పోతుంటే ప్లేయర్ ఆగి అడగాలని అంటున్నాను. చివరి పేరు మాత్రమే తీసుకుని క్యూ పక్కన వెతకమనే మీ పద్ధతి నిజానికి ఈ విషయంలో సురక్షితమైనదే.

టెక్కలి_శ్రోత
అయితే ఇందాకటి నుంచి మనిద్దరం కోరుకుంటున్నది ఒకే ప్లేయర్‌ను.

గంటస్తంభం_వీధి
నాగావళి గారు చెప్పినట్టు పాత్‌లు తీసేసి ఫైళ్ళను మళ్ళీ పంపాను, మావయ్యగారి కంప్యూటర్‌లో వినిపిస్తున్నాయి. ఇంకొక సందేహం. ఒక కథ రెండు క్యాసెట్లలో, నాలుగు వైపుల్లో ఉంది. నాలుగు ఫైళ్ళనూ ఒకటిగా అతికించి ఒకే క్యూ పెట్టాలా? మొత్తం రెండు గంటలు దాటుతుంది.

నాగావళి_తీరం
అతికించకండి. క్యూలో సమయం నిమిషాలు, సెకన్లు, ఫ్రేములుగా రెండేసి అంకెల్లో రాస్తారు, నిమిషాలు 99 దాటితే కొన్ని ప్లేయర్లు తడబడతాయి. ఒకే క్యూలో నాలుగు ఫైల్ వరుసలు పెట్టవచ్చు. ట్రాక్ సంఖ్యలు మొదటి నుంచి చివరి దాకా వరుసగా సాగాలి, సమయం మాత్రం ప్రతి ఫైల్ దగ్గరా మళ్ళీ సున్నా నుంచి లెక్కించాలి.

ఫైల్ "గజేంద్రమోక్షం_ఎ.ఫ్లాక్" వేవ్
ట్రాక్ 01 ఆడియో
ఇండెక్స్ 01 00:00:00
ట్రాక్ 02 ఆడియో
ఇండెక్స్ 01 11:42:30
ఫైల్ "గజేంద్రమోక్షం_బి.ఫ్లాక్" వేవ్
ట్రాక్ 03 ఆడియో
ఇండెక్స్ 01 00:00:00

గంటస్తంభం_వీధి
చివరి 30 సెకనులో నూరో వంతులా?

వంశధార_588
కాదండి, 75వ వంతులు. సీడీలో సెకనుకు 75 ఫ్రేములు, ఒక్కో ఫ్రేములో 588 నమూనాలు. రెంటినీ గుణిస్తే సెకనుకు 44,100 నమూనాలు వస్తాయి. 30 అంటే సెకనులో ఐదింట రెండు వంతులు, 0.4 సెకను. అక్కడ 74కు మించిన అంకె రాకూడదు.

ఆమదాలవలస_జంక్షన్
మీ పేరు చివర 588 ఎందుకుందో ఇన్నాళ్ళకు తెలిసింది.

బొబ్బిలి_తంత్రి
గంటస్తంభం గారూ, నాలుగు ఫైళ్ళ క్యూలో, ట్రాక్ ముందరి విరామాన్ని సూచించే ఇండెక్స్ 00 వాడకండి. విరామాన్ని ముందరి ఫైల్ చివర ఉంచి, ట్రాక్‌ను తరువాతి ఫైల్‌లో మొదలుపెట్టే క్యూలు కొన్ని ఉంటాయి. సీడీలను కాపీ చేసే ఎగ్జాక్ట్ ఆడియో కాపీ అనే సాఫ్ట్‌వేర్‌లో కూడా ఆ పద్ధతిని ప్రమాణానికి లోబడనిదిగానే పేర్కొన్నారు. కొన్ని ప్లేయర్లు వాటి దగ్గర ట్రాక్‌ను తప్పు ఫైల్‌కు అంటగడతాయి. మీరు క్యాసెట్ తిప్పిన చోట ఎలాగూ విరామమే ఉంది, ఇండెక్స్ 01 ఒక్కటి చాలు.

గంటస్తంభం_వీధి
అలాగే చేస్తాను. డీ డ్రైవ్‌లోని వేవ్ ఫైళ్ళను "శుద్ధి చేయనివి" అనే వేరే ఫోల్డర్‌లోకి మార్చి, ప్రతి క్యూనూ అవి అందుబాటులో లేనప్పుడు ఒకసారి తెరిచి చూశాకే మావయ్యగారికి పంపుతాను.